పోయిన

హోకిటికాలో వాన పడని రోజు
పేపర్లో వేయదగ్గ వార్త.
ఈవేళ వార్తేమీ లేదు.

గ్రంథాలయం వెనక గదిలో
లవ్‌డే ట్రెంబాత్ తడిగొడుగు కుర్చీకి తగిలించి
మైక్రోఫిల్మ్ చక్రం తిప్పుతోంది.
ముప్ఫయ్యొక్కేళ్ళు తపాలా కచేరీలో ఉత్తరాలు వేరుచేసిన వేళ్ళు.
ఎంత గజిబిజి చిరునామా అయినా ఇట్టే పట్టేసేవి.
ఇక్కడ మాత్రం ఒక్క మాట దగ్గర
మళ్ళీ మళ్ళీ దారి తప్పుతున్నాయి.

లేట్.

'లేట్ తుఫాను'లో మూడు పడవలు ఇసుకమేట ఎక్కాయట.
ఆ తుఫాను చచ్చిపోలేదు, ఆలస్యంగానూ రాలేదు,
మొన్న వచ్చి వెళ్ళింది, అంతే.
లేట్ వరద. లేట్ అగ్నిప్రమాదం.
లేట్ మంత్రివర్గం, ఆ పెద్దమనుషులంతా
నిక్షేపంగా ఉన్నారు, పదవులే ఊడాయి.
'లేట్ ఆఫ్ బల్లరాట్' అని తోక తగిలించుకున్న పళ్ళ డాక్టరు
వదిలొచ్చింది బల్లరాట్‌నే, లోకాన్ని కాదు.
మంగళ, శుక్రవారాల్లో నొప్పి తెలియకుండా పీకుతాడు.
పక్క కాలమ్‌లోనే
లేట్ మిసెస్ గిల్‌ఫెదర్ గారి
మంచం, కుట్టుమిషను, రెండు మేకలు
శనివారం వేలం.
ఆవిడ మాత్రం నిజంగానే.

నాకిది వింతగా తోచదు.
నా భాషలో పోయిన వారం ఉంది,
ఊరొదిలి పోయిన మనిషి ఉన్నాడు,
కరెంటు పోతుంది, పరువు పోతుంది,
తెల్లవారుజామున ఫోను మోగి
"ఆయన పోయారు" అంటే
ఎక్కడికని ఎవరూ అడగరు.

లవ్‌డే సంచిలో ఇంటి బైబిలుంది.
అట్ట లోపల, మైదా జిగురుతో అంటించిన
బొటనవేలంత కాగితం ముక్క.
ముత్తవ్వ గ్రేస్ అంటించింది.

'జేమ్స్ ట్రెంబాత్, రొట్టెలు కాల్చువాడు, లేట్'

అక్కడితో కాగితం అయిపోతుంది.
దాని మీదే నాలుగు తరాలు నిలబడ్డాయి.
గ్రేస్ నల్లబట్టలు,
పిల్లలకు చర్చివాళ్ళిచ్చిన బూట్లు,
ఏట్లో కొట్టుకుపోయాడు, ఒళ్ళు దొరకలేదు అనే కథ,
దిబ్బ మీద శ్మశానంలో
కింద ఎవరూ లేని రాయి.
ఏటా పూలు పెట్టేది లవ్‌డేనే.

చక్రం ఆగింది.
పద్దెనిమిదివందల అరవైయేడు, అక్టోబరు,
ఓడల రాకపోకల కింద.
అదే పేరు. అదే పని. అదే మాట, పంక్తి చివర.
దాని కింద
ఇంకో పంక్తి.

'ఆఫ్ రెవెల్ స్ట్రీట్, తనకు బాకీయున్నవారు
నెలాఖరులోగా చెల్లింపవలెనని కోరుచున్నాడు.
జాబులు మెల్‌బోర్న్ తపాలా కచేరీకి.'

చచ్చినవాడు బాకీలడగడు.
అడిగినా
మెల్‌బోర్న్ చిరునామా ఇవ్వడు.

లవ్‌డే ముందు నవ్వింది, పైకే.
పక్క బల్ల కుర్రాడు తలెత్తి చూశాడు.
తర్వాత బైబిలు తెరిచి
ముక్క అంచు గోటితో తడిమింది.
చింపింది కాదు.
కత్తెర తిన్నగా నడిచింది.
ఎక్కడా వణకలేదు,
మాటకు గాటు పడనివ్వలేదు.

గ్రేస్‌కు చదువొచ్చు.
ఆ మాట నెలా చదవాలో ఆ రోజుల్లో
బడి మానేసిన పిల్లాడికైనా తెలుసు.
పాలమనిషికి తెలిసుంటుంది, పాదిరీకి తెలిసుంటుంది,
బూట్లు తెచ్చిన ఆవిడకు
మరీ బాగా తెలిసుంటుంది.
చల్లారిన పొయ్యి, బస్తాలో అడుగంటిన పిండి,
కొంగు వదలని ఇద్దరు.
మొగుడు వదిలేసినదానికి ఊళ్ళో పేరుండదు.
విధవకు పేరుంటుంది, ముందు వరస బెంచీ ఉంటుంది.
ఎవరూ రెండో పంక్తి అడగలేదు.

ప్రింటు ఇరవై సెంట్లు.
ఎంతవరకు కావాలో గీసి చూపమంటోంది తెర.
లవ్‌డే చతురం మూల పట్టి కిందికి లాగుతూ
మొదటి పంక్తి చివర ఆగింది.
గ్రేస్ చెయ్యి ఆగిన చోటే.

కుర్రాడొచ్చి, మూసే వేళయిందండీ అన్నాడు.

"ఒక్క పంక్తి," అంది.
"ఇంకొక్క పంక్తి."