పాటిమన్ను

ఆరు రోజులు మిర్చియార్డులో కాటా దగ్గర తుమ్ముతాను.
ఏడోరోజు తాడికొండ అడ్డరోడ్డు దగ్గర ఆటో దిగి
జల్లెడ పట్టుకుంటాను.

జీతం లేదు. టీ మాత్రం సువార్తమ్మ టీచరు ఫ్లాస్కులోది.
డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి.
అంచుముక్క చేతికిస్తే చాలు,
పోయిన కుండ మొత్తాన్ని కాగితమ్మీద నిలబెడుతుంది.
"ఇది మూకుడు, ఇది కాగు" అంటుంది
సంతలో బేరమాడుతున్నంత తేలిగ్గా.

నాకు మొదట నేర్పింది ఒకటే:
"దొరికిందేంటో తర్వాత చూద్దాం. ఎక్కడ దొరికిందో ముందు రాయి.
చోటు రాయని పెంకు రోడ్డుమీది కంకరతో సమానం."

బస్తాలు ఎత్తి దించిన చేతులివి.
ఇప్పుడు రూపాయి బిళ్లంత ముక్కని
బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి...
లోపల నలుపు, బయట ఎరుపు.
ఆనాటి పొగ ఇంకా ఉందేమోనని
ఎవరూ చూడకుండా వాసన చూశాను.
మిరపఘాటుకి నా ముక్కు ఎప్పుడో చచ్చింది.

మొన్న ఆదివారం దిబ్బకి తూర్పున ట్రాక్టరు ఆగింది.
ఖాజావలి. ట్రక్కు నిండా పాటిమన్ను.
"చేనుకి బలం అన్నా, తాతలనాటి నుంచీ తోలుకుంటున్నదేగా!"
కుర్రాళ్లు కేకలేశారు.
నాకు నోరు లేవలేదు.

ఇదే దిబ్బ. నాకు తొమ్మిదేళ్లు.
మా నాన్న, రెండెడ్లు, పాతిక బండ్ల మన్ను.
పైన కూర్చుని కాళ్లాడిస్తూ వచ్చాను.
చేలో కాళ్లకి గుచ్చుకునే పెంకులన్నీ ఏరి
గట్టుమీదికి విసిరితే సాయంత్రానికి జీళ్లు.
ఆ యేడు కాపు విరగ్గాసింది.
అక్క స్కూలు ఫీజు, అమ్మ కంటి ఆపరేషను
ఆ కాయలోంచే వచ్చాయి.
ఎవరి పొయ్యో, ఎవరి గాదో, ఎవరు అలికిన వాకిలో,
నూరుకుని, నూనె పోసుకుని
అన్నంలో కలుపుకు తిన్నాం.

నిన్న పని ఎగ్గొట్టి ఆ పొలానికి వెళ్లాను.
చేతులు మారింది. గట్టు అలాగే ఉంది.
గరిక పీకితే ఏడు పెంకులు.
ఒకదానిమీద నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి,
బస్తాలు లెక్కపెడుతూ రోజూ నేను గీసేలాంటివి.
"లెక్కేనంటారా టీచర్?"
"తెలీదు. తెలీదనే రాయి."

చీటీ ఇచ్చింది.
"దొరికిన చోటు" దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.
తర్వాత రాశాను:

పొలం గట్టు.
అసలు చోటు దిబ్బే. ఏ మూలో, ఎంత లోతో తెలియదు.
తోలింది మా నాన్న కోటిలింగం.
ఏరి విసిరింది నేను.