చొక్కా లేని జేబు

కనిగిరిలో పామూరు రోడ్డు మీద
నీళ్ళ మిషనొకటి ఉంది.
అయిదు రూపాయల బిళ్ళ మింగి
ఇరవై లీటర్లు కక్కుతుంది.
నోటు తినదు. ఫోను చూపిస్తే పలకదు.

మా వైపు నీళ్ళ సంగతి తెలియని వాళ్ళకు చెప్పాలి:
రోడ్డుకు ఆ పక్కన బోరింగు ఉంది,
కొడితే చాలు, ఊరికే వస్తాయి నీళ్ళు,
చల్లగా, తేటగా, ఏ పాపం ఎరగనట్టు.
మా పెదనాయన ముప్పై ఏళ్ళు తాగాడు వాటిని.
ఆఖర్న ఆయన్ని పాడె మీద
తిన్నగా పడుకోబెట్టలేకపోయాం.

మొన్న రోహిణి కార్తెలో
ఆటో నిండా బత్తాయి బస్తాలు,
నాలుక పిడచగట్టి
మిషను కింద క్యాను పెట్టి జేబులన్నీ తిరగేశాను.
రెండొందల నోటు. ఇంటి తాళం. ఎప్పటిదో బస్సు టికెట్టు.
వెనక నుంచి పెంచలమ్మ
(ఆవిడ పేరు అప్పటికి నాకు తెలీదు,
ఎవరో ముసలామె అనుకోండి)
"పైన రేకు మీద చెయ్యి పెట్టి చూడబ్బయ్యా" అంది.
పెట్టాను. రేకు సుర్రుమంది.
ఇటుక ముక్క కింద ఒక బిళ్ళ.
"ఎవరిదమ్మా?"
"దప్పికైనోళ్ళది. రేపు నువ్వొకటి పెట్టు."

రేపు పెట్టలేదు.
ఎల్లుండి గుర్తొచ్చింది గాని కిరాయిలో ఉన్నాను.
ఆ తర్వాత, అయిదు రూపాయలే కదా అనుకున్నాను.

పదకొండో రోజు సాయంత్రం
ఏడేళ్ళ పిల్ల, హెప్సిబా,
తన నడుమెత్తు క్యాను ఈడ్చుకుంటూ వచ్చింది.
వేళ్ళ మీద నిలబడింది, ఎగిరింది,
చివరికి క్యాను బోర్లేసి దాని మీదెక్కి
రేకంతా తడిమింది.
ఇటుక ముక్క ఉంది. కింద ఏమీ లేదు.
ఏడవలేదు. ఎవర్నీ అడగలేదు.
క్యాను లాక్కుంటూ రోడ్డు దాటి
బోరింగు పిడికి వేలాడుతూ కొట్టడం మొదలెట్టింది.
కిర్రు, కిర్రు,
మా పెదనాయన మోకాళ్ళ చప్పుడు.

ఆటో ఆపడానికి అంత దూరం పట్టిందేం?
నా బ్రేకులు మంచివే.

"ఈ నీళ్ళొద్దమ్మా" అని గుమ్మరించబోతే
క్యాను రెండు చేతులా వాటేసుకుంది.
"మా అమ్మకి జొరం. ఏ నీళ్ళయినా తెమ్మంది."
కిళ్ళీ కొట్లో నోటు మార్చి
బిళ్ళ వేసి, క్యాను నింపి,
వాళ్ళ గుడిసె దాకా దింపి వచ్చాను.
దానికి ఆ పిల్ల నన్ను మెచ్చుకోలేదు.
ఆటోలో ముందు సీట్లో కూర్చున్నందుకు మాత్రం
దారంతా నవ్వుతూనే ఉంది.

ఒక్క క్యానుతో నేను మంచివాణ్ణి కాలేదు.
భూమి లోపలి నీళ్ళూ మారలేదు.
వెలిగొండ నీళ్ళు వస్తాయంటున్నారు,
మా పెదనాయనకూ అలాగే చెప్పారు.

మర్నాడు టైలరు మస్తాన్ దగ్గరికి పోయి
చిరిగిన ఖాకీ చొక్కా ఇచ్చి
జేబొక్కటే కోసిమ్మన్నాను.
"మిగతా చొక్కా?"
"నీ మిషను తుడుచుకో."
ఎందుకని అడిగాడు, చెప్పాను.
వెనక గుడ్డ వేసి అంచు రెండు వరసలు కుట్టాడు,
గుండీ పెట్టబోయి మానేశాడు.
కూలి పది రూపాయలిస్తే
రెండు బిళ్ళలుగా మార్చి అందులోనే పడేశాడు.

ఇప్పుడది మేకుకు వేలాడుతోంది,
హెప్సిబా చెయ్యి అందేంత ఎత్తులో.
కొన్నాళ్ళు ఉబ్బి ఉంటుంది, కొన్నాళ్ళు చప్పిడిగా.
ఒకసారి ఎవడో మొత్తం ఊడ్చుకుపోయాడు.
నేను తిట్టబోతే పెంచలమ్మ అంది,
"పోన్లే, వాడికి దప్పిక ఎక్కువేమో."

నిన్న రాత్రి ఆఖరి కిరాయి దించి
జేబులో చెయ్యి పెట్టి చూశాను.
రెండు బిళ్ళలు, ఒక పిప్పరమెంటు.
బిళ్ళ లేనివాళ్ళెవరో పెట్టినట్టున్నారు.
నా బిళ్ళ కలిపి, దాన్నక్కడే ఉంచాను.
కాగితం ఇంకా వెచ్చగా ఉంది,
ఇప్పుడే ఎవరి పిడికిట్లోంచో
మనసు చంపుకుని దిగినట్టు.