చిల్లు పడే వేళ

ల్యుబ్లియానాలో నవంబరు.
నది మీంచి లేచిన మంచు కిటికీకి ఆనుకుని నిద్రపోతోంది.
కింద సెల్లార్లో యంత్రాలు ఎనిమిది రోజులుగా
ఒకటే లెక్క మీద రొప్పుతున్నాయి.
అంత కరెంటూ తాగి అవి నా చేతిలో పెట్టేది
ఒక సెకనుని వందకోట్ల ముక్కలు చేస్తే
అందులో ఎనభై ముక్కలు.

పెట్టెలో ఐదువందల పన్నెండు కొవ్వు అణువులు.
నీళ్లంటే ప్రాణంపెట్టే తల ఒకటి,
నీళ్లంటే గిట్టని తోకలు రెండు.
తోకలు లోపల దాచుకుని, తలలు బయటపెట్టి
రెండు వరుసలుగా నిలబడ్డాయి. అదే పొర.
మీలో, నాలో, ఈ రాత్రి ఈస్టు పొంగిస్తున్న
మూల బేకరీ పిండిలో ఉన్నదీ ఇలాంటిదే.

ఒక మోసం ఒప్పుకోవాలి.
ఈ పెట్టెకి కుడి గోడ దాటిన నీరు
ఎడమ గోడలోంచి తిరిగి వస్తుంది.
ఎవరూ ఎక్కడికీ పోలేరు.
అలా రాసింది నేనే.

మూడు పరుగుల్లో ఏమీ కాలేదు.
"వోల్టేజీ పెంచితే ఏ గోడైనా కూలుతుంది తదేయా,
కూల్చడం గొప్పా? ఎక్కడ మొదలైందో పట్టుకో"
అని వోయ్‌కో సారు కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు.

నాలుగో పరుగు.
ఒక నీటి అణువు, దాని చెయ్యి పట్టుకుని ఇంకొకటి,
పిలవని పేరంటానికి వచ్చినట్టు
గిట్టని తోకల మధ్యకి.
అవతలి నీరు కూడా వేలు చాపింది.
వేలూ వేలూ తగిలాయి.
అప్పుడు తలలు ఒక్కొక్కటే వంగి
ఆ సందుకి అంచు కుట్టాయి.

"అదుగో, అక్కడ."
వెనక షెఫికా. చేతిలో తుడిచే గుడ్డ.
"నీళ్లు రాకముందే ఆ తల కాస్త దిగబడింది.
మేజోడు కూడా అంతే, చిల్లు కనపడేసరికి
దారం ఎప్పుడో పలచబడి ఉంటుంది."

కాదు, ముందు నీరే వస్తుంది అన్నాను.
వెనక్కి తిప్పాను. నిజమే, ఒక తల దిగింది.
కానీ ఆ క్షణంలోనే ఇంకో పదకొండు తలలూ దిగి
ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచాయి.

ఆమె నవ్వలేదు. చెంప మీద మచ్చ చూపించింది.
"కిందటేడు ఇక్కడ గడ్డ. మందు ఎక్కించి కరెంటు పెట్టారు.
దవడ దానంతటదే ఎగిరింది.
కణాలకి చిల్లులు పడితే మందు లోపలికెళుతుందన్నారు.
ఇంతకీ ఆ చిల్లులు పూడతాయా?"

కరెంటు తీసేశాను, తెరమీద.
తెరుచుకోడానికి పట్టినదానికన్నా
మూసుకోడానికి చాలా ఎక్కువ సేపు పట్టింది.
ఆమె బకెట్టు బోర్లించి కూర్చుంది.
నీరు ఒక్కో బొట్టే బయటికి నడిచింది.
ఆఖరిది మాత్రం తోకల మధ్య చాలాసేపు
దిక్కులు చూసింది.

నోటుపుస్తకంలో రాసుకున్నాను:
నాలుగో పరుగు. చిల్లు పడింది, పూడింది.
ముందే తల వంగిందా? తెలియదు.
షెఫికా అవునంటోంది.
ఇంకో ఇరవైసార్లు చూడాలి.