దారం

ఏడురోడ్ల దగ్గర, మెట్ల కింద సందులో
ఖలందర్ అన్న ఫ్లెక్సీ అంగడి.
కడపలో మే నెల.
కూలర్లో నీళ్ళైపోయి ఎండుగడ్డి వాసన.
ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని
నేను చూస్తున్నది స్క్రీనును కాదు, ఆయన చేతిని.

పదడుగుల బ్యానరు. వస్త్రాలయం.
పై స్కేలు అంచు నుంచి మౌసుతో ఒక గీత దించాడు.
గీత నీలం. వెనకున్న ఆకాశం నీలం.
'వ'ని జరపబోతే గీత జరిగింది.
గీతని జరపబోతే 'వ' జరిగింది.
తీసేద్దామని నొక్కితే
గీత అట్లే ఉంది, అక్షరం పోయింది.

"యాడ ఉండాదో కనపడందాన్ని
యాడని పట్టుకునేదమ్మా"

నేను నోరు మెదపలేదు.
ఆ సాఫ్ట్‌వేర్లో గీతల పని నాదే.
పోయినేడు రాత్రిళ్ళు కూర్చుని రాసింది.
గీత ఒక్క పిక్సెల్,
సరిగ్గా దాని మీద నొక్కితేనే దొరకాలని రాశాను.
అప్పుడు నాకు ఇరవై ఆరు. కళ్ళు బాగుండేవి.
ఖలందర్ అన్నకు యాభై ఎనిమిది,
ఒక కంట్లో పొర.

టీ వచ్చింది. చల్లారనిచ్చి చెప్పాడు.
గోడలు రాసే కాలంలో
నూలుదారాన్ని నీలిమందులో అద్ది
ఆ కొన ఓబులేసు చేతికిచ్చేవాడు.
"పట్టుకో" అంటే పట్టుకునేవాడు.
నడిమధ్య రెండు వేళ్ళతో లాగి వదిలితే
టప్.
సున్నం గోడ మీద నీలంగా, నిటారుగా, ఇరవై అడుగులు.
రంగు ఆరినాక
లుంగీ చెంగుతో తుడిస్తే పోయేది.

ఎన్ని దారాలు కొట్టేవాడివన్నా?

"ఇంగ్లీషుకి రెండుతో సరిపెడతాంటిమి.
మనదానికి నాలుగు.
గుడికొకటి, తలకట్టుకొకటి, పాదానికొకటి,
కింద వత్తులుండాయే, వాటికొకటి.
అది లేకుంటే వత్తులు
సంతలో గొర్రెల మాదిరి తలా ఒక దిక్కు."

ఇంటికొచ్చి గీతకు గట్లు వేశాను.
అటు నాలుగు పిక్సెళ్ళు, ఇటు నాలుగు, కనపడకుండా.
చేను గట్టు మీద కాలు పడినట్టు
దగ్గరికొస్తే చాలు, చేతికి తగులుతుంది.
నీలం మీదికి పోతే తనే కాషాయమవుతుంది.
మూడడుగుల రెండంగుళాలని కొడితే అక్కడే ఆగుతుంది,
కంటితో కొలవక్కర్లేదు.
వత్తుల గీతకు మాత్రం మూడు రాత్రులు పట్టింది.
ఒక్కో ఫాంటుది ఒక్కో లోతు,
కరువేట తవ్విన బోర్ల లాగ
ఏది ఎంత దిగిందో దింపినవాడికే తెలుసు.

ఇక మాటలు.
మెనూలో ఎవరో, నాబోటివాళ్ళే,
నిఘంటువు పక్కన పెట్టుకుని రాసిపెట్టారు:
మార్గదర్శకాలు చూపుము.
మార్గదర్శకాలకు తాళం వేయుము.
ఖలందర్ అన్న దాన్ని ఒక్కసారీ తెరవలేదట.
"గవర్నమెంటోళ్ళ జీవో అనుకుంటి."

అది కొట్టేసి
దారం అని రాశాను.
తాళం దగ్గర, చాలాసేపు ఆగి,
పట్టుకో.
తెరవడానికి, వదులు.

మళ్ళీ ఆ స్టూలు మీదే కూర్చున్నాను.
ఆయన గీత దించి, ఆ మాట చదివి,
నా వైపు చూడకుండా నొక్కాడు.
టప్, అన్నాడు నోటితో.
తర్వాత ఒక్క క్షణం
స్క్రీను కుడి అంచు అవతలికి చూశాడు,
అక్కడ గోడకు క్యాలెండరు తప్ప ఏమీ లేదు.
ఓబులేసుకి ఇప్పుడు రాయచోటి రోడ్డులో టీ బంకుంది.
ఈ టీ అక్కడిదే.

వస్త్రాలయం సాయంత్రానికి స్తంభమెక్కింది.
'స్త్రా' కింద త వత్తూ క్రావడీ
ఒకే మట్టాన కూర్చున్నాయి.
బస్సుల్లో పోయేవాళ్ళు ధరలు చదువుకున్నారు.
నేను కింద నిలబడి వెతికాను,
దారం ఆనవాలు ఎక్కడా లేదు.

"బాగుండాది గానీ" అన్నాడు ఖలందర్ అన్న
ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని,
"వాలుగా దించితే మాత్రం నిలబడ్ల్యా, జారతాండాది."

నిజమే. అది నాకింకా అంతుపట్టలేదు.
రాసుకున్నాను.