గేటు దగ్గరి మాట

ఇప్పుడది పాతమాట. చెప్పినా ప్రమాదం లేదు.

గ్రిమ్స్‌బీలో మేం దిగిన వారం
గాలి నిండా చేపల వాసన,
రెండు సంచులు,
హడావిడిలో ఒక కాలి బూటే సర్దుకున్న పిల్ల.

స్కూలు ఆఫీసులో గ్లెనిస్ దరఖాస్తు నింపుతూ
చిరునామా గడి దగ్గర పెన్ను ఆపింది.
నా వైపోసారి చూసి, ఏమీ అడక్కుండా
అందులో స్కూలు చిరునామానే రాసింది.
తర్వాత బీరువా తీసింది.
ఎవరో మర్చిపోయిన స్వెట్టర్లు, ఎవరికో పొట్టయిన ప్యాంట్లు,
బూట్లు మాత్రం కొత్తవి, పెట్టెలో.
డబ్బెప్పుడివ్వాలి అన్నాను.
సైజు సరిపోయిందా అంది.

పాపను తీసుకెళ్ళడానికి ఎవరొచ్చినా
ఒక మాట చెప్పాలట.
ఆ మాట పాపే ఎంచుకోవాలట.
విరజ కిటికీలోంచి చూసింది.
ఆవరణలో పసుపు రంగుతో గీసిన గళ్ళు,
ఒకటి నుంచి పది దాకా.
"తొక్కుడుబిళ్ళ" అంది.

గ్లెనిస్ నాలుక ఆ 'ళ్ళ' దగ్గర ప్రతిసారీ జారేది.
కాగితమ్మీద ముక్కలు ముక్కలుగా రాసుకుని
టీ కప్పు పక్కన పెట్టుకుని పెదాలు కదిపేది,
పన్నెండో ఎక్కం దగ్గర తడబడే పిల్లలా.

మేమున్న ఇంట్లో ఐదుగురు ఆడవాళ్ళం, ఒకటే పొయ్యి.
చేపల ఫ్యాక్టరీలో నా షిఫ్టు ఆలస్యమైతే
ఇఫ్రాహ్ వెళ్ళేది.
సోమాలీ యాసలో నా ఊరి ఆట పేరు చెప్పి
నా పిల్లను నాకు తెచ్చేది.

ఫిబ్రవరిలో వాళ్ళ నాన్న వచ్చాడు.
ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలీదు.
ఇస్త్రీ చొక్కా, చేతిలో బొమ్మ, నవ్వు.
ఆ నవ్వు నాకు తెలుసు,
తలుపు మూసేదాకా ఉంటుంది.
పుట్టినరోజు సరిగ్గా చెప్పాడట,
పుట్టుమచ్చ ఎక్కడుందో చెప్పాడట,
పాస్‌పోర్టు నంబరు కూడా.

"మాట?" అందట గ్లెనిస్.

మా ఇంటిపేరు చెప్పాడు.
వాళ్ళమ్మ పేరు చెప్పాడు.
తర్వాత తన పేరు.
కమ్మీల అవతల పసుపు గళ్ళు
వానలో తడుస్తూ కనిపిస్తూనే ఉన్నాయి.
అరగంటసేపు తన పేరు చుట్టుపక్కలే వెతికాడు.

పోలీసులొచ్చేలోపు
వంటగదిలో డొరీన్ విరజ ముందు గిన్నె పెట్టి
బఠాణీలు లెక్కపెట్టమందట.
మూడువందల పన్నెండు.
ఆ రాత్రి నా కూతురు నాకు చెప్పిన సంగతి అదొక్కటే.

నేను పరుగెత్తుకొచ్చేసరికి
గ్లెనిస్ చేతులు ఇంకా వణుకుతున్నాయి.
టీ ఒలికి కాగితమ్మీద అక్షరాలు అలుక్కుపోయాయి.
పర్లేదు, నోటికొచ్చేసిందిలే అని
తొక్కుడుబిళ్ళ, అంది.
ఎక్కడా జారలేదు.

మర్నాడు మాట మార్చాలన్నారు, అది నిబంధన.
విరజ మళ్ళీ కిటికీలోంచి చూసింది, చాలాసేపు.
గ్లెనిస్ కొత్త కాగితం తీసింది.

ఈసారిది ఇంకా కష్టం, పాపం ఆవిడకి.
ఏమిటా మాట అంటారా?
మీరు మంచివాళ్ళే కావచ్చు.
గేటు దగ్గర అందరూ మంచివాళ్ళే.