ముప్పైతొమ్మిదో రేకు

పొద్దుగాల్లనే గిర్మాజిపేట మూలమీద షేర్ ఆటో ఎక్కిన.
ఒళ్లె ముప్పైతొమ్మిది రేకులు,
పాత చీర పేలికతోటి కట్టినవి.
పక్కకు కూసున్న హమాలీ అంగి నిండ
ఎనుమాముల మిర్చి ఘాటు.
పోచమ్మ మైదాను దాటేదాక ఆటో అంత తుమ్ములే,
డ్రైవర్ తుమ్మినప్పుడల్ల బండి గూడ తుమ్మింది.

ఈ తొవ్వ పొడుగూత ఒకప్పుడు నా చేతిరాత ఉండె.
కిరాణం షట్టర్ల మీద, ఎరువుల దుకాన్ల మీద,
గోడల మీద "ఇచ్చట మూత్రం పోయరాదు" అని.
ఆ ఒక్కటి ఎవలూ చదవలే.
ఫ్లెక్సీలొచ్చినంక
కుంచెలు కిరసనాయిల్ల ముంచి పండవెట్టిన.
ఏడేండ్లకు మొక్కల సారు ఫోన్ చేసిండు:
"చెట్లకు పేర్లు రాయాలె కొమ్రెల్లీ, రేకుకు ఎనభై."

హన్మకొండ చౌరస్తల దిగి నడిచిన.
కోచింగ్ సెంటర్ మెట్ల మీద పిలగాండ్లు
కండ్లు మూసుకోని రాజుల తారీకులు వల్లెవేస్తున్నరు.
నా నోట్లె గూడ అసొంటిదే ఒకటి:
టెర్మినాలియా, టెర్మినాలియా.
రాత్రి బిడ్డ పలికిచ్చింది.
టర్మినలేందే అన్న,
కాజీపేట టేషన్ అనుకుంటివా అని పడి పడి నవ్వింది.

తోటల అద్దాలు లేని అద్దాలమేడ,
నీళ్లు లేని తామరకొలను.
బెంచి మీద ఇద్దరు నడుమ ఒక హెల్మెట్ పెట్టుకోని కూసున్నరు.
ఓదెమ్మ నీళ్ల పైపు భుజాన ఏసుకోని ముందట నడుస్తది.
రేకు మీదిది సారు పేరు,
నోటి పేరు ఆమెది.
"ఇది ఏరుమద్ది. నున్నగుంటది.
అగో అది నల్లమద్ది, ముట్టిసూడు, మొసలి తోలు.
ఇది మొర్రి. దీని పండ్లకే మా నాయన ఎలుగుతోటి కొట్లాడిండు,
ఎలుగే గెలిచింది.
ఇది పునికి, నిర్మల్ బొమ్మల పానం,
ఎత్తితే ఏం ఎత్తినట్టే ఉండదు."

మొల కొట్టలే నేను.
తీగతోటి కట్టిన, బిగియకుంట,
చెట్టు లావైతది గద, రెండేండ్లకు సరిపోను జాగ ఇడిసి.
గేటు కాడి వేపకు ఎవలిదో పుట్టినరోజు ఫ్లెక్సీ మొల ఉండె,
గుంజితే రాలే.
చెట్టు అప్పటికే సగం మింగింది.

ముప్పైఎనిమిది అయినయి.
ఆఖరుది గోడపొంటి, వంకరగ, మెడ తిప్పి సూసినట్టున్నది.
రిజిస్టర్ల దాని వరుస చెదలు తిన్నది.
సారుకు ఫోన్ కలిపితే
"ఖాళీ పెట్టకు, ఆడిట్ ఉన్నది, ఏదో ఒకటి రాయి" అన్నడు.
ఏదో ఒకటి రాసుడు నాకు తెల్వని పని గాదు,
ఎలక్షన్ గోడలు ఎన్ని రాయలే!
కుంచె ఎత్తిన. దించిన.
"నీకెరుకనా ఓదెమ్మా?"
"నేను పనిల జొరవడ్డనాడే గింత ఉండె.
నన్ను గూడ ఇక్కడ ఎవలూ పేరు పెట్టి పిలువరు,
నీళ్లామె అంటరు.
గని దీని సంగతి ఎరుకే నాకు."

జెప్పింది, పైపు కిందవెట్టి, తీరుబడిగ.
నేను రాసిన, నల్లరంగుల, సన్న అక్షరాల,
పాత బోర్డులల్ల ప్రొప్రయిటర్ పేరు రాసే సైజుల:

మాఘంల ఆకు రాలుస్తది.
పూత సప్పుడు గాకుంట వస్తది, వాసన మాపటికే.
ఉడుత ముట్టది.
పిడుగు పడ్డ యాడాది గూడ నీడ ఆపలే.

కింద జాగ మిగిలితే
ఓదెమ్మ అని రాసి ఆమెకు సూపిచ్చిన.
చదువుకోలేదామె.
తడి ఆరకముందే వేలు పెట్టి
అక్షరం మీద అక్షరం తడిమింది, "ఓ" తోకంత చెదిరింది.
దిద్దుత అంటే వద్దన్నది.

సారు ఎనభై కోస్తడేమో.
మాపటీలి చౌరస్తల ఆటో పిలగాడు
"మిల్స్ కాలనీ, మిల్స్ కాలనీ" అని ఒర్రుతున్నడు.
మిల్లు లేదని వానికెరుకే, ఎక్కేటోళ్లకెరుకే.
జరుగుండ్రి జరుగుండ్రి అనుకుంట
అందరం ఇరుక్కోని కూసున్నం.
నా బొటనేలి గోరుల ఇంక నల్లరంగు,
ఎవలో తుమ్మిండ్రు.