తడిపిన రగ్గు

చింతపల్లిలో బస్సెక్కే ముందు
రగ్గు మడిచి సంచి అడుగున పెట్టింది నేనే.
కొత్త ఊరు కదా,
రాత్రిళ్లు ఎలా ఉంటాయో ఏమో అని.

బెజవాడ బస్టాండులో దిగగానే
గంజి వారుస్తుంటే మొహానికి కొట్టే ఆవిరి,
ఊరంతా అదే.
నువ్వు సంచి వైపు చూశావు, నవ్వలేదు.
ఒకరిని చూసి ఒకరం నవ్వేంత చనువు
మనకింకా రాలేదు.

పెళ్లై పదకొండు రోజులు.
సోమవారం నుంచి నీకు రాయనపాడు వర్క్‌షాపులో డ్యూటీ.
ఈలోగా ఊరు చూద్దామన్నావు,
రేపోమాపో వెళ్లిపోయే చుట్టాల్లాగా.

మిట్టమధ్యాహ్నం బ్యారేజీ మీద నడిచాం.
ఇంత పెద్ద ఊళ్లో ఒక్కరూ నడవరేంటని ఆశ్చర్యపోయాం.
ఈ వేళప్పుడు ఎవరూ నడవరని
చెప్పడానికైనా ఒక మనిషి లేడు.
నువ్వు గేట్లు లెక్కపెట్టుకుంటూ పోయి
ముప్పై నాలుగు దగ్గర తప్పావు.
మళ్లీ మొదట్నుంచి, అన్నావు.
నేను రానన్నాను.
మన మొదటి తగాదా అది,
ఒకపక్క నిండా నీళ్లు, ఇంకోపక్క ఇసక మేటలు,
మధ్యలో మూతులు ముడుచుకుని మనిద్దరం.

సోడా బండి ముసలాయన అడిగాడు.
ఏ ఊరు బాబూ?
చింతపల్లండి.
చింతలపూడా?
కాదండి, కొండమీద. లంబసింగి దగ్గర.
మంచు కురిసే ఊరొదిలేసి
రోహిణి కార్తెలో ఇక్కడికొచ్చారా!
రెండు సోడాలు కీసుమనిపించి
ఒకదానికే డబ్బులు తీసుకున్నాడు.
మన మాట యాసకి ముచ్చటపడ్డాడో,
మన బుర్రలకి జాలిపడ్డాడో.

మర్నాడు దుర్గమ్మ కొండ.
చెప్పులు కిందే వదిలేశాం, తెలిసినవాళ్లలాగా.
అట్ల పెనం మీద నీటిచుక్కలు నా పాదాలు.
ఈ నీడ నుంచి ఆ నీడకి,
ఆ నీడ నుంచి ఎవరో పరిచిన తడి గోనెపట్టా మీదికి,
నువ్వు ముందు, నేను వెనక.
ఆ గాభరాలో నోరు జారింది
"పండుదొరా, ఆగు!"
పక్కనున్న పెద్దావిడ నా వైపు తిరిగి చూసింది.
నువ్వు ఆగావు.
నీడలో కాదు,
ఎండ మెట్టు మీదే, కాళ్లు కాలుతున్నా
ఏదో విన్నట్టు నిలబడిపోయావు.

బెంజి సర్కిల్ దాటేటప్పుడు చెయ్యి పట్టుకున్నావు.
రోడ్డు దాటాక కూడా వదల్లేదు.
ఇద్దరి అరచేతులూ చెమటతో జారుతున్నా
నేనూ గుర్తు చెయ్యలేదు.

మూడోరోజు ఉండవల్లి.
పై అంతస్తులో, చీకట్లో,
బారుగా పడుకున్న రాతి దేవుడు.
మన కొండల చలి ఇక్కడికొచ్చి దాక్కున్నట్టుంది.
గోడకి చెంప ఆనించి కళ్లు మూసుకున్నాను.
కాపలా మనిషి వచ్చాడు, తిడతాడేమో అనుకుంటే
"కూచోండమ్మా కాసేపు,
ఆయన మాత్రం ఎందుకు లేవట్లేదనుకున్నారు?"
అప్పుడు నవ్వావు నువ్వు.
ఆ నవ్వు గుహలో ఒకసారి తిరిగొచ్చింది.
నీ పైపన్ను ఒకటి కొంచెం విరిగిందని
అప్పుడే చూశాను.

రాత్రి చెల్లెలు ఫోను చేసింది.
ఏమేం చూశావే అంది.
నీడలు చూశాం, అన్నాను.
అర్థం కాక కొంచెంసేపు ఊరుకుని,
ఇక్కడ వాన పడుతోందే అంది.
ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను,
వినపడుతుందేమోనని.

గాంధీనగర్ లాడ్జిలో
ఫ్యాను వేడిగాలినే గదంతా పంచుతోంది.
అర్ధరాత్రి లేచి కుళాయి తిప్పితే
టీ పెట్టుకోవచ్చు ఆ నీళ్లతో.
నువ్వు ఏమీ అనకుండా సంచి తెరిచావు.
అడుగు నుంచి రగ్గు తీసి బకెట్లో ముంచావు.
చెరో కొస పట్టుకుని పిండాం,
నువ్వు అటు తిప్పితే నేనూ అటే తిప్పి,
పిండు పడక, మళ్లీ సరిచేసుకుని.
కిటికీకి వేలాడదీశాం.

తడి ఉన్ని వాసన, పొగ వాసన,
మా ఇంటి నెగడు వాసన.
గాలి దాన్ని దాటి వచ్చేసరికి
కాస్త మెత్తబడింది.

గంటకల్లా ఎండిపోయింది రగ్గు.
లేచి మళ్లీ తడిపాం.